పరదేశ సేవ – భృత్యాచారము

ప్రతి సంవత్సరము ఉగాదికి ముందు కొన్ని దినములు ఆదోని, ఎమ్మిగనూరు, గూడూరు ప్రాంతముల బాటలు శ్రీశైల మల్లికార్జునుని దర్శింపగోరి కాలినడకన వచ్చు కన్నడదేశపు భక్తులతో కళకళలాడును. ఎండ తీవ్రముగా నుండును. భుజమున మూట, చేత కర్ర, నోట శివనామము. బాట ప్రక్క గ్రామములవారు పందిళ్ళు వేసి, మజ్జిగయు అంబలియు జొన్నరొట్టెలును సిద్ధము చేసి, బొబ్బలెక్కిన పాదములకు వేడినీరు పోసి, నూనె రాచి, మరల బాట పట్టింతురు. వచ్చినవాని పేరేమి, ఊరేమి, కులమేమి యని అడుగువారుండరు. వచ్చినవారిది కన్నడము, పెట్టువారిది తెలుగు. ఆకలికి భాషతో పని లేదు. తాతల నాటి నుండి జరుగుచున్న ఈ పనిని ఎవరును గొప్పగా చెప్పుకొనరు. దీనికే శరణులు దాసోహమని పేరు పెట్టిరి.

అయితే ఇందొక సూక్ష్మము కలదు. ఇచ్చట అతిథి గడప యొద్దకు వచ్చినాడు. సేవకుడు తన ఊరిలోనే, తన వారి నడుమనే యున్నాడు. బాట తిరుగబడినచో నేమగును? దుఃఖించువాడు గడపకు రాలేని దూరమున నున్నప్పుడు, సేవకుడే ఇల్లును ఊరును భాషను విడిచి వానియొద్దకు పోవలసి వచ్చినప్పుడు, దాసోహధర్మము ఏమి చెప్పును?

ఈ ప్రశ్న నేడు ఊహామాత్రము కాదు. వీరశైవ కుటుంబముల బిడ్డలు వైద్యము, నర్సు విద్య, ఇంజనీరింగు, వ్యవసాయశాస్త్రము చదువుచున్నారు. వారు ధనార్జనకై సముద్రములు దాటుట వింత కాదు. అట్టివారిని తలిదండ్రులు బంధుమిత్రులను పిలిచి విందు పెట్టి సాగనంపుదురు. కాని వారిలో నొకరు "జీతమునకు కాదు, సేవకు పోయెదను" అన్నచో ఇంట కలవరము పుట్టును. పోవునది అదే సముద్రమునకు ఆవలి దేశమే. ఎక్కునది అదే విమానమే. అయినను ధనమునకు పోయిన తెలివియనియు, సేవకు పోయిన పిచ్చియనియు లోకము తలచును.

గూడూరులో అట్టి ఇల్లొకటి యున్నదనుకొందము. ఆ ఇంటి కుమార్తె నర్సు విద్య ముగించి, కొన్ని యేండ్లు ఆసుపత్రిలో పనిచేసి, అనుభవము గడించినది. యుద్ధము వలన చెల్లాచెదరైన జనులు గుడారములలో తలదాచుకొన్న దూరదేశమునకు రెండేండ్లు స్వచ్ఛంద సేవికగా పోయెదనని యొకనాటి రాత్రి ఇంటివారితో చెప్పినది. తండ్రి యొక ప్రశ్న, అవ్వ యొక ప్రశ్న, తల్లి యొక ప్రశ్న వేసిరి. ఈ మూడు ప్రశ్నలును అర్థము లేనివి కావు. ప్రేమ గల ఇంటనే అట్టి ప్రశ్నలు పుట్టును. కావున వానికి శరణుల మార్గమున సమాధానము వెదకవలెను.

తండ్రి ప్రశ్న

"మన సీమలో దుఃఖము కరవైనదా, తల్లీ? ఉన్న ఊరిలో చేయరాని సేవ పరదేశమున చేయవలెనా?" అని తండ్రి అడిగెను.

ఈ మాటలో సత్యము కలదు. వానలు తప్పిన యేట ఆదోని, కోసిగి, మంత్రాలయము, ఎమ్మిగనూరు పల్లెలలో ఎన్ని తలుపులకు తాళములు పడునో ఈ ప్రాంతము వారికి వేరుగా చెప్పనక్కరలేదు. భార్యాభర్తలు పసిపిల్లలను వెంటబెట్టుకొని సుగ్గిపనులకు గుంటూరు మిరపచేలకు పోవుదురు. బెంగళూరు, హైదరాబాదులలో కట్టడపు పనులకు పోవుదురు. బడికి పోవలసిన బిడ్డలు చేల గట్లపై తమ్ముళ్ళను ఆడించుచుందురు. ముసలివారు వాకిట కూర్చుండి, పోయినవారి కొరకు ఎదురుచూచుచుందురు. పొరుగింటి ముసలమ్మకు చెంబెడు నీళ్ళు తెచ్చియీయని వాడు పరదేశపు దప్పికను గూర్చి మాటలాడుట హాస్యాస్పదము. తండ్రి ప్రశ్నకు ఇంతవరకు తిరుగులేదు.

కాని అదే ప్రశ్నను అన్ని దేశములలోని తండ్రులును వేసి, అన్ని దేశములలోని బిడ్డలును విని, ఇండ్లలోనే ఆగిపోయినచో ఏమి జరిగియుండెడిదో ఆలోచింపవలెను. దీనికి ఉదాహరణము దూరమున లేదు. పొరుగుననున్న అనంతపురము జిల్లాయే ఉదాహరణము.

విన్సెంట్ ఫెర్రర్ 1920లో స్పెయిను దేశమున బార్సిలోనా నగరములో జన్మించెను. ఆయన యౌవనమున ఆ దేశము అంతర్యుద్ధములో చిక్కి, అన్నదమ్ములే ఒకరినొకరు చంపుకొని, ఛిన్నాభిన్నమైనది. అక్కడ దుఃఖము కరవు కాలేదు. అయినను ఆయన 1952లో క్రైస్తవ సన్న్యాసిగా భారతదేశమునకు వచ్చి, మహారాష్ట్రమున మన్మాడ్ ప్రాంతపు రైతులతో కలిసి బావులు త్రవ్వించెను. 1968లో దేశము విడిచి పొమ్మని ఆజ్ఞ యైనది. మరల అనుమతి పొంది 1969లో అనంతపురము చేరెను. మరుసటి యేడు సన్న్యాసి సంఘమును విడిచి, అన్నె పెర్రీ అను ఆంగ్ల పత్రికా విలేఖరిని వివాహమాడెను. ఆ దంపతులు స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు బావులు, చెట్లు, పాఠశాలలు, ఇండ్లు, కళ్యాణదుర్గము బత్తలపల్లి మున్నగు చోట్ల ఆసుపత్రులు నిలిపినది. దానికి వలసిన ధనములో అధికభాగము స్పెయినులోని సామాన్య కుటుంబములు నెలనెలా పంపిన చిన్న మొత్తములు. నలుబది సంవత్సరములు ఈ కరువునేలనే తన నేలగా జేసికొని, 2009 జూన్ 19న అనంతపురమున కన్నుమూసి, ఆయన బత్తలపల్లిలోనే మట్టిలో కలిసెను. స్పెయిను దుఃఖము తీరిన పిదపనే పరదేశమునకు పోయెదనని ఆయన తలచియున్నచో రాయలసీమకు ఆయన ఎన్నటికిని వచ్చియుండడు.

ఆయన మతము వేరు. అయినను ఆయన బ్రతుకులో ఒక సంగతిని ఏ మతము వాడైనను చూడవచ్చును. ఆయన అతిథిగా వచ్చి అతిథిగా పోలేదు. ఈ నేలవాడై పోయెను. ఎదుటివానిని వీడెవ్వడని ప్రశ్నింపక, మనవాడని చేరదీయుమని బసవేశ్వరుడు చేసిన బోధ ఇట్టిదే. ఇంటికి వచ్చినవానిని మనవాడనుట ఒక మెట్టు. తాను పోయినచోట అక్కడివారిచేత మనవాడనిపించుకొనుట మరియొక మెట్టు.

2009 అక్టోబరు ప్రారంభమున తుంగభద్ర పొంగి కర్నూలు నగరమును, మంత్రాలయమును ముంచిన నాడు ఎక్కడెక్కడి ఊళ్ళవారో అన్నపుపొట్లములు, మందులు తీసికొని వచ్చిరి. వారి ఊళ్ళలోను ఆకలి గొన్నవారు లేకపోలేదు. ఆనాడు చేయి చాచి తీసికొన్న సీమ, ఈనాడు చేయి చాచి ఇచ్చుటకు వెనుదీయరాదు. పెద్దలు దేహళీదీప న్యాయమును చెప్పుదురు. గడపపై పెట్టిన దీపము లోపలి ఇంటికిని వెలుపలి వీధికిని ఒక్కమారే వెలుగునిచ్చును. వీధికి వెలుగుపోయెనని ఇంటి వెలుగు తగ్గదు. సేవాబుద్ధి కూడ అట్టిదే. ఊరిలో లేనిది పరదేశమున కొత్తగా పుట్టదు. ఊరిలో నిజముగా నున్నది ఊరితో ఆగిపోదు.

అవ్వ ప్రశ్న

"లింగపూజ ఎట్లు సాగును? అక్కడివారు ఏమేమి తిందురో, నీవు ఏమి తిందువు? ఆచారము చెడదా?" అని అవ్వ అడిగెను.

ఈ ప్రశ్నకు సమాధానము అవ్వ మెడలోనే యున్నది. శరణులు లింగమును గుడి గోడల నడుమ నుండి భక్తుని దేహముపైకి తెచ్చిరి. స్థావరమునకన్న జంగమమునకు ఉన్నతస్థానమిచ్చిరి. గుడి కదలదు గాని ఇష్టలింగము భక్తునితో కూడ నడచును. పూజకు వలసినది అరచేయి, చిటికెడు విభూతి, నిర్మలమైన మనస్సు. ఇవి ఏ దేశమునకైనను వెంట వచ్చును. దేహమే దేవాలయమని నమ్మినవానికి పరదేశమను మాటయే అర్థము లేనిది. తాను నిలిచిన చోటనే కైలాసము.

పండ్రెండవ శతాబ్దమున కళ్యాణమునకు వచ్చిన శరణులందరును ఆ ఊరివారు కారు. మోళిగె మారయ్య కాశ్మీర దేశపు రాజనియు, రాణితో కూడ రాజ్యమును విడిచి కళ్యాణము చేరి, అడవిలో కట్టెలు కొట్టి, మోపులు మోసి అమ్మి, ఆ కూలితో జంగమదాసోహము నడపెననియు శరణ చరిత్రలు చెప్పుచున్నవి. ఆయనకు కళ్యాణపు భాష, తిండి, గాలి అన్నియు కొత్తవే. అక్కమహాదేవి ఉడుతడి విడిచి ఒంటరిగా కళ్యాణమునకును, అచ్చట నుండి శ్రీశైలపు కదళీవనమునకును నడచెను. ఆడుబిడ్డ దూరము పోరాదను వారు ఆ తల్లి నడచిన బాటను తలచుకొనవలెను.

తిండి మాట. అన్ని దేశములలోను శాకాహారి బ్రతుకగలడు. రుచి మాత్రము విడువవలసివచ్చును. ఇథియోపియా దేశమున ఇంజెరా యను పులిసిన పిండి అట్టును పప్పుతో తిందురు. అక్కడి ప్రాచీన క్రైస్తవ సంప్రదాయము వారు బుధ, శుక్రవారములందు మాంసమును పాలను కూడ ముట్టక ఉపవాస నియమము పాటింతురు. ఆ దినములలో వారి ఇంట వీరశైవుడు సంకోచము లేక భోజనము చేయవచ్చును. దూరమున నున్నవారందరు ఆచారము లేనివారని తలచుట అజ్ఞానము. ఎవరి ఆచారము వారికి కలదు. పోయినవాడు దానిని తెలిసికొని గౌరవింపవలెను.

పూజావేళ తప్పునను భయము వలదు. గుడారపు ఆసుపత్రిలో ఉదయమే రోగులు వరుస కట్టియుండవచ్చును. నులియ చందయ్య నారగడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారి నీట పడెననియు, ఆయన కాయకమును ఆపక సాగిపోగా లింగమే ఆయన వెంట వచ్చెననియు శరణకథ. లింగమును అలక్ష్యము చేయుమని ఆ కథకు అర్థము కాదు. సత్యమైన కాయకము చేయువానిని లింగము విడువదని దాని అర్థము.

అంతకు మించి, ఆచారము వంటయింటితో ముగిసిపోవునది కాదు. పంచాచారములలో లింగాచారము, సదాచారము, శివాచారము, గణాచారములతో పాటు భృత్యాచారము కూడ ఒకటి. తాను అందరికిని భృత్యుడనని, సేవకులలో చివరి సేవకుడనని ఎరిగి నడచుకొనుటయే భృత్యాచారము. మొదటి నాలుగింటిని ఎంతో శ్రద్ధతో పాటించి దీనిని మరచువారు పెక్కుమంది. పరదేశ సేవలో మొదట పరీక్షకు వచ్చునది ఇదియే.

భృత్యాచారమునుండి మరియొక నియమము పుట్టుచున్నది. అన్నము చూపి మతమును అమ్మరాదు. ఆకలిగొన్నవాని ముందు పళ్ళెము పెట్టి, ప్రతిఫలముగా వాని దేవుని మార్చుమనుట సేవ కాదు, వ్యాపారము. ఇతరులు అట్లు చేసినప్పుడు ఆక్షేపించు వారు తామును అట్లు చేయరాదు. 1859లో సోల్ఫెరినో యుద్ధభూమిలో క్షతగాత్రులను చూచి చలించిన హెన్రీ డ్యూనాన్ ప్రేరణతో 1863లో పుట్టిన రెడ్‌క్రాస్ సంస్థ, శత్రువు మిత్రుడను భేదము లేక గాయపడిన ప్రతివానికిని కట్టు కట్టవలెనను నియమము నిలిపినది. ఆ నియమమునకును శరణుల సమతాదృష్టికిని విరోధము లేదు. మెడలోని లింగము సేవకుని బలపరచుటకు; సేవ పొందువానిపై భారము మోపుటకు కాదు.

తల్లి ప్రశ్న

తల్లి చాలసేపు మాటలాడలేదు. తుదకు "పోయి తిరిగి వత్తువా?" అని మాత్రమడిగెను.

ఈ ప్రశ్నకు శాస్త్రవాక్యములతో సమాధానము చెప్పరాదు. జరిగిన కథ యొకటి చెప్పుకొనవలెను. ఆదోనిలో బొంబాయి రైలెక్కినవారు రాయచూరు, వాడి, గుల్బర్గా దాటి సోలాపురము చేరుదురు. మిల్లులలోను మగ్గములపైనను పనిచేయుటకు పోయి స్థిరపడిన తెలుగువారు అచ్చట వేలకొలది యున్నారు. సోలాపురము వీరశైవులకు సొన్నలిగె సిద్ధరామేశ్వరుని క్షేత్రము. ఆ ఊరిలోనే 1910లో ద్వారకానాథ్ కోట్నీస్ జన్మించెను. ఆయన బొంబాయిలో వైద్యవిద్య అభ్యసించెను.

1938లో చైనా దేశముపై జపాను యుద్ధము సాగించుచుండగా, వైద్యులను పంపుమని చైనా సేనాని జు దె జవహర్‌లాల్ నెహ్రూను కోరెను. ఆనాడు కాంగ్రెసు అధ్యక్షుడుగా నున్న సుభాస్ చంద్ర బోసు దేశప్రజల నుండి చందాలు ప్రోగుచేయించెను. స్వయముగా పరతంత్రమై, బీదదైయున్న దేశము మరియొక దుఃఖితదేశమునకు అయిదుగురు వైద్యులను పంపినది. అటల్, చోల్కర్, కోట్నీస్, బసు, ముఖర్జీ – ఈ అయిదుగురును 1938 సెప్టెంబరు 1న బొంబాయిలో ఓడ యెక్కిరి.

చైనా చేరిన కొలదికాలమునకే కోట్నీస్‌కు తండ్రి మరణవార్త అందినది. ఆయన తిరిగి రాలేదు. చైనా భాష నేర్చెను. కొండప్రాంతములలో సైనికులతో పాటు నడచెను, వారు తినినది తినెను, యుద్ధము ముమ్మరమైనప్పుడు రేయింబవళ్ళు శస్త్రచికిత్సలు చేసెను. 1941లో బెతూన్ అంతర్జాతీయ శాంతి వైద్యశాలకు అధిపతియయ్యెను. ఆ పేరును ధరించిన నార్మన్ బెతూన్ కెనడా దేశపు వైద్యుడు. ఆయనయు అట్లే పరాయిదేశమునుండి సేవకు వచ్చి, శస్త్రచికిత్స చేయుచు వేలు తెగి, విషమెక్కి 1939 నవంబరులో మరణించెను. కోట్నీస్ అచ్చటి నర్సు గువొ చింగ్లాన్‌ను వివాహమాడెను. 1942లో కుమారుడు పుట్టగా భారత, చైనా దేశములు రెండును ధ్వనించునట్లు ఇన్‌హువా యని పేరు పెట్టిరి. ఆ బిడ్డకు నాలుగు నెలలైన నిండక మునుపే, 1942 డిసెంబరు 9న, మూర్ఛవ్యాధితో కోట్నీస్ మరణించెను. వయస్సు ముప్పది రెండు.

అయిదుగురు పోయిరి, నలుగురు తిరిగివచ్చిరి, ఒకడు రాలేదు. తల్లి ప్రశ్నకు సత్యమైన సమాధానమిదియే. తిరిగి వత్తురని మాట యిచ్చుట ఎవరి వశము కాదు. గుంటూరు మిరపచేలకు పోయినవాని గూర్చియు అట్టి మాట ఎవరును ఈయలేరు. అయినను ఈ కథను చెప్పి మరణమును పొగడుట తగదు. కోట్నీస్ గొప్పతనము మరణించుటలో లేదు; బ్రతికిన నాలుగేండ్లలో ఉన్నది. తిరిగివచ్చిన నలుగురి సేవయు తక్కువది కాదు. వారిలో బసు చైనాలో సూదివైద్యమును నేర్చి, తరువాతి కాలమున కలకత్తాలో దానిని ప్రవేశపెట్టెను. ఇచ్చుటకు పోయినవాడు తీసికొనియు వచ్చెను.

శరణులు తను మన ధనములనెడి త్రివిధదాసోహమును చెప్పిరి. అందు తనువు మొదటిది. శివునికి అర్పింపవలసిన తనువును అజాగ్రత్తతో పాడుచేసికొను హక్కు సేవకునికి లేదు. కావున పోవువారు టీకాలు వేయించుకొనవలెను, శిక్షణ పొందవలెను, పంపు సంస్థ యెట్టిదో విచారింపవలెను. ఐక్యరాజ్యసమితి స్వచ్ఛంద సేవక విభాగము 1971 నుండి పనిచేయుచున్నది. అది జీతము గాక జీవనభత్యమిచ్చును. సరిహద్దులెరుగని వైద్యుల సంస్థయు 1971లోనే ఫ్రాన్సులో స్థాపింపబడినది. ఇట్టి పేరుగల సంస్థల ద్వారా పోవుట క్షేమము. సేవ యను పేరు చెప్పి రుసుము గుంజి, తెలియని దేశమున దిగవిడుచు దళారులును లోకమున లేకపోలేదు. జాగ్రత్త పిరికితనము కాదు. తల్లి కన్నీటికి బిడ్డ చెల్లింపవలసిన కనీసపు ఋణము.

శరణుల ప్రశ్న

ఇంటివారి ప్రశ్నలు మూడును ముగిసినవి. కాని వారెవ్వరును అడుగని నాలుగవ ప్రశ్నను శరణులు అడుగుదురు: "ఇచ్చుటకు నీవెవ్వరవు?"

సొన్నలిగెలో సిద్ధరాముడు చెరువు త్రవ్వించుచుండెను, గుడులు కట్టించుచుండెను. లోకోపకారమే తన బ్రతుకని నమ్మెను. అచ్చటికి అల్లమప్రభువు వచ్చి, మట్టిపనివాడని యెగతాళిగా పలికెను. పనివారు కోపించి రాళ్ళు రువ్విరి. సిద్ధరాముడును క్రోధముతో వచ్చెను. ప్రభువు చలింపలేదు. వెలుపల చెరువు త్రవ్వుచు లోపల "నేను త్రవ్వించుచున్నాను" అను మట్టిదిబ్బను పెంచుకొనినచో ఆ పుణ్యమే బంధమగునని తెలియజేసెను. సిద్ధరాముడు చెరువును మానలేదు, అహంకారమును మానెను. కళ్యాణమునకు పోయి, చెన్నబసవేశ్వరుని వలన ఇష్టలింగదీక్ష పొందెను. కష్టపడి సేవచేయువానికే ఈ ఆపద. ఊరక కూర్చున్నవానికి "నేను చేసితిని" అను గర్వమునకు చోటే లేదు గదా.

పరదేశమునకు పోయిన సేవకునికి ఈ ఆపద ఇబ్బడి యగును. అక్కడివారు బీదలు, తాను చదివినవాడు. వారు వరుసలో నిలిచియుందురు, తాను పంచుచుండును. నాలుగు నెలలు అట్లు నిలిచినచో తాను దేవుడనను భ్రమ తెలియకుండ లోపల చేరును. ఇంటికి ఉత్తరములు వ్రాయునప్పుడు "పాపము, వీరికి ఏమియు తెలియదు" అను మాట దొర్లును. ఆ మాట దొర్లిన దినమున భృత్యాచారము చెడినది.

మోళిగె మారయ్య కథలో మిగిలిన భాగము ఇందుకే చెప్పుకొనవలెను. మారయ్య బీదరికమును వినిన బసవేశ్వరుడు, ఆయన ఇంట లేని వేళ వచ్చి, ఇల్లాలు పెట్టిన అంబలి స్వీకరించి, ఎవరికిని తెలియకుండ ధనపు మూటలు విడిచిపోయెను. మారయ్య వచ్చి చూచి సంతోషింపలేదు, నొచ్చుకొనెను. తన చెమటతో నడచుచున్న దాసోహము మరియొకరి దయతో నడువవలెనా యని ఆ ధనమును జంగములకు పంచిపెట్టెను. బసవేశ్వరుడు తన పొరపాటు గ్రహించి ఆయనను మన్నింప వేడెను. మంత్రి పదవిలో నున్న మహానుభావుడు కట్టెలమ్మువాని ముందు తల వంచెను. అడుగకుండ, తెలిసికొనకుండ ఇచ్చినది ఎంత మంచిమనస్సుతో నిచ్చినను పుచ్చుకొనువాని గౌరవమును గాయపరుపవచ్చునని ఆ కథ తెలుపుచున్నది. 2004 డిసెంబరు 26న సముద్రము పొంగి తమిళనాట తీరగ్రామములు నాశనమైనప్పుడు నలుదిక్కుల నుండి పాతబట్టలు బండ్లకొలది వచ్చిపడినవి. వానిని కట్టువారు లేక నాగపట్టణపు బాటల ప్రక్కన గుట్టలై పడియుండెను. సర్వము పోగొట్టుకొన్న జాలరి యైనను పరుల మాసిన గుడ్డను కట్టుటకు సిగ్గుపడును. ఆ సిగ్గు ఆయనకు మిగిలిన ధనము.

ఆయ్దక్కి మారయ్య కథ రెండవ పాఠము. బసవేశ్వరుని ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట ఆయన కాయకము. ఒకనాడు నిత్యము తెచ్చుదానికన్న ఎక్కువ తెచ్చెను. భార్య లక్కమ్మ చూచి, అధికమైనదానిని అక్కడనే వేసి రమ్మని వెనుకకు పంపెను. సహాయధనముతో నడచు ప్రతి సంస్థ ముంగిటను లక్కమ్మ నిలిచియుండవలెను. బాధితుల పేరు చెప్పి వచ్చిన ధనములో సేవకుని సుఖమునకు ఎంత పోవుచున్నదో ఆమె అడుగును.

మరి సరియైన సహాయమెట్లుండును? 1971లో తూర్పు పాకిస్థాను నుండి లక్షలాది కాందిశీకులు బెంగాలునకు వచ్చినప్పుడు బన్‌గావ్ శిబిరమున కలరా చెలరేగెను. నరములకెక్కించు సెలైను సీసాలు నిండుకొనెను. డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజు నీట కలిపి, ఆ నీటిని రోగుల బంధువులచేతనే త్రాగింపజేసెను. నూటికి 30 వరకు నుండిన మరణములు 4 లోపునకు దిగెను. ఇందు రోగిని బ్రతికించిన చేయి తల్లిది, అక్కది, భర్తది. వైద్యుడు విద్యను వారి చేతికిచ్చి ప్రక్కకు తొలగెను. తాను పోయిన పిదపయు నిలుచునదానిని ఇచ్చి, తన అవసరము లేకుండ జేసికొనువాడే ఉత్తమ సేవకుడు.

గూడూరులోని ఆ ఇంట ఏమి జరుగవలెను? తండ్రి కుమార్తెను ఆపరాదు, ఊరకయు పంపరాదు. "పోకముందు మూడు నెలలు సుగ్గికి పోయినవారి ముసలివారిని చూచుకొనుము. వారి యెదుట నీకు విసుగు రానిచో అక్కడను రాదు" అని చెప్పవలెను. అవ్వ విభూతి పొట్లము చేతికిచ్చి, "నీ నియమమునకు ఒప్పినది వారేమి పెట్టినను శివార్పణము చేసి తినుము, ఒప్పనిదానిని వారి మనస్సు నొవ్వకుండ వలదనుము" అని దీవింపవలెను. తల్లి "తిరిగి రమ్ము. వచ్చినప్పుడు నీవు వారికేమి యిచ్చితివో చెప్పవలదు, వారి వలన ఏమి నేర్చితివో చెప్పుము" అనవలెను.

ఆ బిడ్డయు పోవుటకు ముందు ఉగాది రోజులలో బాట ప్రక్క పందిటిలో ఒక రాత్రి కూర్చుండవలెను. ఎవరో తెలియని బాటసారి పాదములను చేతులలోనికి తీసికొని నూనె రాయవలెను. అతని పేరడుగరాదు, తన పేరు చెప్పరాదు. తెల్లవారక ముందే అతడు లేచి శ్రీశైలము వైపు నడచిపోవును, మరల కనబడడు. ఆ పాదములను పట్టుకొన్నప్పుడు మనస్సు ఎట్లుండెనో, దూరదేశపు గుడారములో రోగి చేతిని పట్టుకొన్నప్పుడును అట్లే యుండినచో అదియే దాసోహము, అదియే భృత్యాచారము. అట్టివారు ఏ దేశమున నున్నను శరణుల నడుమనే యున్నవారు.

శివార్పణమస్తు.